ఆవిడ ఎవరి మనిషి

పదకొండు దాటి ఎంతసేపయిందో హరిబాబుకు తెలియడం లేదు. లోపలికి అడుగు పెట్టే ముందే ఫోన్ ఆపేయమన్నాడు కోర్టు బంట్రోతు, ఆపేశాడు. చేతి గడియారం పెట్టుకోవడం మానేసి పదేళ్ళయింది. గోడ గడియారం సగం స్తంభం చాటున పడింది, చిన్న ముల్లు కనిపిస్తుంది గానీ పెద్ద ముల్లు కనిపించదు. వెనక వరస బెంచీ మీద, ఫ్యాను గాలి సరిగా తగలని మూల, ఒడిలో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు ఆ తహసీల్దారు. నరసాపురంలో ఏ ఆఫీసుకు వెళ్ళినా జీపు దిగేలోపే ఎవరో ఒకరు కుర్చీ లాగి తుడిచేవారు. ఇక్కడ ఎవరూ లాగలేదు. పక్కనున్న ముసలాయన చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కాస్త జరిగాడు, అంతే. ఆ ముసలాయనకు ఈయన ఎవరో తెలియదు, తెలిసినా అంతకంటే ఎక్కువ జరిగేవాడు కాదేమో. అందరి కేసులూ ఒకే వరుసలో పిలుస్తారు, అందరూ తమ వంతు వచ్చేదాకా అదే బెంచీ మీద కూర్చుంటారు. మోకాళ్ళ మీదున్న ఫైలు పట్టుమని పావుకిలో ఉండదు, కాళ్ళు మాత్రం తిమ్మిరెక్కాయి. అందులో మూడు కాగితాలున్నాయి. వాటి కింద తను ఇంకా సంతకం పెట్టలేదు.

కోర్టు ఉత్తర్వు ధిక్కరించాడన్న అర్జీకి జవాబుగా ఆ మూడు కాగితాలూ నిన్న సాయంత్రం ప్రభుత్వ ప్లీడరు సురేంద్ర టైపు చేయించి పంపాడు. ఇంగ్లీషులో ఉన్నా వాటిని తెలుగులోనే గుర్తుపెట్టుకున్నాడు హరిబాబు, అబద్ధాన్ని సొంత భాషలోకి తెచ్చుకుంటే గానీ దాని బరువు తెలియదు కాబట్టి. గౌరవ కోర్టు వారి ఉత్తర్వు మా కార్యాలయానికి సోమవారం పోస్టులో మాత్రమే చేరింది. శుక్రవారమే నకలు ఇచ్చామని వాదులు చెప్పడం నిజం కాదు. ఒకవేళ కింది సిబ్బందిలో ఎవరైనా తీసుకుని ఉంటే అది ఈ అధికారి దృష్టికి రాలేదు, ఆ సిబ్బంది మీద విచారణ మొదలుపెట్టాము. చదవడానికి ఎంత శుభ్రంగా ఉంది. కింది సిబ్బంది అంటే ఎవరో ఆ కాగితంలో లేదు. తపాలు తీసుకునే జూనియర్ అసిస్టెంటు మెర్సీ. మొగుడు ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. ఆఫీసులో ఎవరూ తపాలు మీద టైము వెయ్యరు, ఈమె ఒక్కతే వేస్తుంది, గంటా నిమిషాలతో సహా, నీలం సిరాతో. ఆ శుక్రవారం మధ్యాహ్నం మూడు నలభైకి దిబ్బలపాలెం నుంచి అచ్చాయమ్మ వచ్చి కోర్టు కాగితం నకలు ఇచ్చి, అందిందని రాసి ఇవ్వమని అడిగింది. మెర్సీ పెన్ను తీసింది కూడా. అద్దాల తలుపు వెనక నుంచి చూస్తున్న హరిబాబు ఆమెను లోపలికి పిలిచి, ఇవాళ ఎక్కించొద్దు, సోమవారం చూద్దాం అన్నాడు. మెర్సీ కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూడలేదు. రేపెవరైనా అడిగితే నేనేం చెప్పాలండీ అంది. ఎవరూ అడగరులే అన్నాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, ఎన్నిసార్లు అది నిజమే అయిందో. నిజంగానే ఎవరూ అడిగేవారు కాదు.

ఎదురుగా ఎత్తు మీద జడ్జి గారు ఏదో దావాలో సాక్షిని వింటున్నారు. సూర్యకళ అని గుమ్మం పక్క బోర్డు మీద పేరు. ముప్పై నాలుగు, ముప్పై ఐదు ఉంటాయేమో. సన్నగా, కళ్ళజోడుతో, మధ్యమధ్య ఎడమచేత్తో మెడ వెనక నొక్కుకుంటూ, పొద్దుటి నుంచి రాసీ రాసీ నొప్పెడుతున్నట్టు. సాక్షి గోలగా మాట్లాడుతున్నాడు. నెమ్మదిగా చెప్పండి, మీరు చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా, అంటున్నారావిడ. హరిబాబు కొడుకు కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, అంతే. మూడు వారాల క్రితం, ఒక గురువారం, ఈ గదిలోనే, దిబ్బలపాలెం రేవు ఒడ్డున ఆడవాళ్ళు చేపలు ఆరబెట్టుకునే సిమెంటు దిమ్మెలు పదకొండూ కేసు తేలేదాకా ఉన్నవి ఉన్నట్టే ఉండాలని ఆవిడ ఉత్తర్వు ఇచ్చారు. ఉన్నవి ఉన్నట్టే. ఆ ఉత్తర్వు కూడా రెండు పేజీలకు మించి లేదు. ఆ రెండు పేజీల మీదకే ఆదివారం పొద్దున జేసీబీ తీసుకుని వెళ్ళాడు తను. ఆదివారమే ఎందుకంటే కోర్టుకు సెలవు. అది బంగార్రాజు గారి లెక్క.

బంగార్రాజు గారికి ఏ పదవీ లేదు. వార్డు మెంబరు కూడా కాదు. అయినా ఆయన ఫోన్ చేస్తే ఎవరి టేబుల్ మీద ఏ ఫైలు ఉన్నా పక్కకు జరిగేది. ఆ ఒడ్డున ఏదో రిసార్టు వస్తుందట, ఆ దిమ్మెలుంటే వాసనట, వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుంటారట. శనివారం ఫోన్లో చెప్పాడు. కోర్టు ఉత్తర్వు ఒకటుందండీ అని నసిగాడు హరిబాబు. ఉంటే ఉంది, మీకు అందలేదు కదా అన్నాడాయన. పైనుంచి ఒక కాగితం ఇప్పించండి అంటే, కాగితం ఎందుకండీ, నేను చెప్తున్నాను కదా అని నవ్వాడు. ఆ నవ్వులో బెదిరింపు కూడా లేదు, అదే హరిబాబును ఇప్పటికీ వేధిస్తోంది. బెదిరించి ఉంటే కనీసం భయపడి చేశానని తనకు తాను చెప్పుకునేవాడు. ఆయన బెదిరించలేదు, అడగను కూడా అడగలేదు. మనవాడే కదా అన్నట్టు చెప్పాడు, తనూ మనవాడిలాగే విన్నాడు.

ఆదివారం ఎండ ఎంత తెల్లగా ఉంది. దిమ్మెల మీద మెత్తళ్ళు పరిచి ఉన్నాయి, వెండి రేకులు పోసినట్టు. జేసీబీ వస్తుంటే ఆడవాళ్ళు అరవలేదు, ఏడవలేదు, ముందు చేపలు ఏరుకోవడం మొదలుపెట్టారు, బుట్టల్లోకి, కొంగుల్లోకి. మొదటి దిమ్మె పగిలిన చప్పుడు చిన్నదే, ఎండిన కొబ్బరిచిప్ప విరిగినట్టు. అప్పుడు అచ్చాయమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న నకలు పట్టుకుని వచ్చి యంత్రానికి ఎదురుగా నిలబడింది. అరవై దాటిన మనిషి, నల్లగా, ఎముకలు గట్టిగా, మోకాలి దాకా బురద. కాగితం రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంది. యంత్రం నడిపే కుర్రాడికి చదువు రాదేమో, కాగితం మీద సింహాల బొమ్మ చూశాడు, ఇంజను ఆపేశాడు. ఆపి, హరిబాబు వైపు చూశాడు. ఆ చూపు. గొడుగు కింద నిలబడి ఉన్న తను, చుట్టూ వీఆర్వోలూ ఇద్దరు కానిస్టేబుళ్ళూ ఉండగా, తల ఒక్కసారి కిందికి ఊపాడు. ఇంజను మళ్ళీ మొదలైంది. అచ్చాయమ్మను ఇద్దరు పక్కకు తీసుకుపోయారు. చదువు రాని కుర్రాడు కాగితానికి ఆగాడు. ఎం.ఏ. చదివిన తను ఆగలేదు.

ఎం.ఏ. చదివి, గ్రూప్ టూ రాసి. రాజమండ్రిలో కోచింగ్ సెంటరు, పైన రేకులు, ఒక్కో బెంచీకి ఆరుగురు. అధికార విభజన గురించి వివరించండి, పది మార్కులు. శాసనం చేసేవాళ్ళు, అమలు చేసేవాళ్ళు, న్యాయం చెప్పేవాళ్ళు. మూడు గుండ్రాలు గీశాడు స్కేలూ పెన్సిలూ పెట్టి, ఒకదాన్ని ఒకటి తాకకుండా. ప్రభుత్వోద్యోగాల్లో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలి, యాభయ్యో అధికరణం, నోటికి వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ గుండ్రాలు ఎక్కడుంటాయో, ఏ ఊళ్ళో ఏ గదిలో ఒకదానికి ఒకటి ఎదురుపడతాయో అప్పుడు తెలియలేదు. రోజూ కూర్చునే తన ఆఫీసులోనే ఒక మూల పాత టేకు అరుగు ఉంది, జానెడు ఎత్తు, రెండు మెట్లు, ఇప్పుడు దాని మీద పాత అడంగళ్ళు, భూమి లెక్కల కట్టలు పడేశారు. పూర్వం తహసీల్దారే మేజిస్ట్రేటు. అక్కడే కూర్చుని శిస్తు వసూలు చేసేవాడు, శిస్తు కట్టనివాడిని అక్కడే విచారించేవాడు, ఆవరణలోనే సబ్ జైలు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ అరుగు చూసి ఎంత దర్జా అనుకున్నాడు. ఇప్పుడు ఇక్కడ, బెంచీ మీద, ఆ దర్జా ఏమిటో అర్థమవుతోంది. ఆ రోజులే ఉండి ఉంటే దిమ్మెలు కూల్చిందీ తనే, కూల్చారని అచ్చాయమ్మ కాగితం పట్టుకుని రావలసిందీ తన దగ్గరకే. వచ్చి ఆ అరుగు కింద నిలబడేది. తను ఫోన్ చూసుకునేవాడు. ఎవరో చాలా ఏళ్ళ క్రితం, దిబ్బలపాలెం పేరు కూడా తెలియనివాళ్ళు, ఆ అరుగు మీద నుంచి సగం పని తీసేసి ఈ వీధిలోకి, ఈ గదిలోకి మార్చిపెట్టారు. అందుకే ఆవిడ అక్కడ, తను ఇక్కడ.

హాలు బయట వరండాలో ఎవరో ఆడమనిషి గోడకు ఆనుకుని లేసు అల్లుకుంటోంది, తన కేసు ఎప్పుడొస్తుందో మరి, సూది ఆగడం లేదు. ముందు వరసలో అచ్చాయమ్మ వీపు కనిపిస్తోంది, పక్కన దిబ్బలపాలెం ఆడవాళ్ళు నలుగురు, ఇస్త్రీ చీరలు కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు. వాళ్ళ వకీలు ప్రిస్కిల్లా కాగితాలు సర్దుకుంటోంది, వకీలు అంటే నమ్మడం కష్టం, అంత చిన్న పిల్ల. వీళ్ళు ఈ కేసులో అన్నీ గెలవలేదు, ఆ సంగతి బంగార్రాజు గారు మర్చిపోయాడు. దిమ్మెలతో పాటు వాటి వెనకున్న ఇసుక మేట కూడా మాదేనని, అటు ఎవరూ రాకూడదని వీళ్ళు అడిగారు. ఆవిడ కుదరదన్నారు. ఆ ఇసుక మీద మీరు పని చేస్తున్నట్టు ఒక్క ఆధారం లేదు, దిమ్మెల మీద ఉంది, ఉన్నదానికే ఉత్తర్వు ఇస్తాను, లేనిదానికి ఇవ్వలేను అన్నారు. పోయిన వారం వాయిదాకు వచ్చినప్పుడు వరండాలో అచ్చాయమ్మ పక్కామెతో ఆ ఉత్తర్వు గురించి అంటుంటే హరిబాబు విన్నాడు, మనది కాదన్నప్పుడు కూడా ఎందుకు కాదో మనకర్థమయ్యేలా చెప్పిందమ్మా ఆ తల్లి అని. ఓడిన సగం గురించి ఎవరైనా అలా మాట్లాడటం తను ఎప్పుడూ వినలేదు. తన ఆఫీసు మెట్లు దిగే ఏ మనిషైనా పని అయితే ఎవరికి చెప్పి చేయించుకున్నాడో చెబుతాడు, కాకపోతే ఎవరు అడ్డుపడ్డారో చెబుతాడు. ఎందుకయిందో, ఎందుకు కాలేదో ఎవడూ చెప్పడు. తనూ చెప్పడు.

బంగార్రాజు గారు పది రోజులు వాకబు చేశాడు. ఆవిడది ఏ ఊరు, ఏమిట్లు, అంటే ఏ కులం, మొగుడు ఏం చేస్తాడు, మామగారు ఏ పార్టీ, చదువుకున్నప్పుడు ఎవరి ఇంట్లో అద్దెకుంది. సామర్లకోటలో చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడి కూతురట, మొగుడు కాలేజీలో లెక్కలు చెబుతాడట, అద్దె ఇల్లు, స్కూటీ. అంతా తెలిసింది, కావలసింది మాత్రం తెలియలేదు. ఆవిడ ఎవరి మనిషో తెలియట్లేదండీ తహసీల్దారు గారూ అన్నాడు ఒకనాడు ఫోన్లో, మొదటిసారి గొంతులో చిన్న చికాకు. హరిబాబుకు ఆ మాట ఆ రోజు సహజంగానే తోచింది. ఎవరైనా ఎవరో ఒకరి మనిషి కదా. ఆర్డీవో ఫలానా వారి మనిషి, సీఐ ఫలానా వారి మనిషి, తను బంగార్రాజు గారి మనిషి. ఆ పట్టికలో పేరు లేని అధికారి ఉంటాడని ఎవరూ అనుకోరు. కాని పోయిన వారం, ఇదే గదిలో, ఇదే బెంచీ మీద తను కూర్చుని ఉండగా, దిమ్మెల కేసు పిలవగానే ఆవిడ కలం పక్కన పెట్టి, గొంతు ఏమీ పెంచకుండా, ఊరికే తారీఖు చెప్పినట్టు చెప్పారు.

"నిన్న సాయంత్రం ఈ కేసు గురించి ఇంటికి ఫోన్ వచ్చింది. ఎవరు చేశారో, ఏమన్నారో రాసి జిల్లా జడ్జి గారికి పంపాను. రెండు పక్షాలకూ తెలియాలని ఇప్పుడు చెబుతున్నాను. ఈ కేసు నేను వినడం మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి."

ఎవరూ చెప్పలేదు. సురేంద్ర కాగితాలు ఒకటికి రెండుసార్లు సర్దుకున్నాడు. ఆవిడ మళ్ళీ కలం తీసుకుని విచారణ మొదలుపెట్టారు. ఫోన్ వస్తే చేయగలిగినవి రెండే ఉన్నాయని అనుకున్నాడు హరిబాబు ఇన్నాళ్ళూ, సరేననడం, లేదా ఫోన్ ఎత్తకపోవడం. మూడోది ఉందని, అది ఇంత సులువుగా, నలుగురిలో నిలబెట్టి చెప్పేయడమేనని, చెబితే ఆ ఫోన్ చేసినవాడి బలమంతా ఒక్క నిమిషంలో జారిపోతుందని యాభై మూడేళ్ళు వచ్చేదాకా చూడలేదు. ఎలా చేయగలిగారు ఆవిడ? ఆవిడ బదిలీ కాగితం బంగార్రాజు గారి జేబులో ఉండదు, నిజమే, దాన్ని ఆయన చేతికి అందనంత దూరంలో హైకోర్టులో పెట్టారు. ఆవిడ జీతం ఎవరి దయా కాదు. అలా ఆవిడ చుట్టూ గోడ కట్టారు, ఎవరో ఆలోచించి, ఇటుక మీద ఇటుక. కానీ గోడ ఉన్నంత మాత్రాన అయిపోతుందా, లోపల కూర్చున్న మనిషి తలుపు తీసి రమ్మంటే? ఆవిడ తలుపు తియ్యలేదు. కూరగాయలకు ఇదే బజారుకు వెళుతుంది, స్కూటీ మీద ఇదే వీధిలో తిరుగుతుంది, అయినా తియ్యలేదు.

నాన్న తీశాడు. ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు. నిడదవోలు దగ్గర కాలువ లాకుల మీద నాన్న లస్కరు, తూము తలుపులు ఎత్తడం దించడం ఆయన పని. రెండో పంట దాళ్వాకు నీళ్ళు తక్కువైన ఒక ఏడాది వంతులు వేశారు, ఎగువ ఊళ్ళకు మూడు రోజులు, శివారు ఊళ్ళకు మూడు రోజులు, ఇంజనీరు సంతకంతో ఆ కాగితం లాకు గది గోడకు అంటించి ఉంది. హరిబాబు అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, నాన్నకు క్యారేజీ తీసుకెళ్ళాడు. ఎగువ ఊరి పెద్ద రైతు మోటారు సైకిలు ఆపి, దిగకుండానే, ఇంకో రెండు రోజులు ఎత్తే ఉంచవయ్యా అన్నాడు. నాన్న గోడ మీద కాగితం వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు, తూము తలుపు దించలేదు. ఎలా కాదంటాంరా, రేపు మళ్ళీ ఆయన ముఖమే చూడాలి కదా, అన్నాడు ఆయన వెళ్ళిపోయాక. పది రోజులకు శివారు ఊరి వాళ్ళు నలుగురు వచ్చి ఎండిన వరి మొక్కలు పిడికెడు లాకు గోడ మీద పెట్టి వెళ్ళిపోయారు. నాన్న వాటిని తీసి పారేయలేకపోయాడు, వారం రోజులు అక్కడే ఉన్నాయి. మంచివాడు నాన్న. ఎవరి దగ్గరా కాఫీ తాగి ఎరగడు. కాదనడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఆయన కొడుక్కీ చేతకాలేదు. ఆయన గోడ మీద కాగితం, తన చేతికి వచ్చిన కాగితం. ఎప్పుడూ కాగితం సరిగానే రాసి ఉంటుంది, దాన్ని నిలబెట్టే మనిషే ఉండడు, అని అనుకుంటూనే కళ్ళెత్తి చూశాడు. ఉన్నారు. మెడ వెనక నొక్కుకుంటూ, సాక్షి చెప్పిన మాట మళ్ళీ చదివి వినిపిస్తూ, సరిగ్గా రాశానా అండీ అని అతన్నే అడుగుతూ.

భుజం మీద చెయ్యి పడింది. సురేంద్ర. తరవాత మన కేసే, సంతకం పెట్టారా అని గొంతు తగ్గించి అడిగాడు. పెన్ను కూడా తీసి ఇచ్చాడు. చిన్న విషయమేనని, ఆ గుమాస్తమ్మకు మెమో ఒకటి ఇచ్చి రెండు నెలల్లో మూసేద్దామని, ఉద్యోగానికి ఏమీ కాదని చెబుతున్నాడు. మెమో డ్రాఫ్టు కూడా తయారైందట. హరిబాబు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. కాగితం కింద చుక్కల గీత. మెర్సీ ఆ మెమో చేతికి తీసుకుని, దాని మీద కూడా నీలం సిరాతో టైము వేస్తుంది, గంటా నిమిషాలతో సహా, అదొక్కటే కనిపించింది. అప్పుడే బంట్రోతు కేసు నంబరు పిలిచాడు, అచ్చాయమ్మ పేరు, తహసీల్దారు హోదా పేరు, మూడుసార్లు. పెన్ను సురేంద్రకు తిరిగి ఇచ్చేసి హరిబాబు లేచాడు.

ప్రిస్కిల్లా అడగవలసినవి అడుగుతానంది, దానికి ముందే సురేంద్ర లేచి కౌంటరు, ఆ మూడు కాగితాలే, దాఖలు చేయడానికి ఒక వాయిదా కావాలన్నాడు. హరిబాబు నడుచుకుంటూ వెళ్ళి బోను పక్కన నిలబడ్డాడు. కౌంటరు మీద తాను సంతకం పెట్టలేదని, నోటితోనే చెప్పుకుంటానని, వాయిదా వద్దని అన్నాడు. తన గొంతు తనకే పక్క గదిలోంచి వచ్చినట్టుంది. జడ్జి గారు సురేంద్ర వైపు చూశారు, ఆయన కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పేది మీకు వ్యతిరేకంగా వాడుకోవచ్చు, ఆలోచించుకుని చెప్పండి, ముందు వేరే వకీలుతో మాట్లాడుకుంటానంటే టైమిస్తాను అన్నారావిడ. అక్కర్లేదండి అన్నాడు. బెంచి క్లర్కు ప్రమాణం చేయించాడు. జడ్జి గారే అడగడం మొదలుపెట్టారు.

"ఉత్తర్వు సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారమండి. మధ్యాహ్నం మూడు నలభైకి. రిజిస్టర్లో ఎక్కించొద్దని చెప్పింది నేనే. మా మెర్సీ గారి తప్పేమీ లేదండి."

"తెలిసీ ఆదివారం ఎందుకు కూల్చారు?"

"బంగార్రాజు గారు ఫోన్ చేసి చెప్పారండి."

"ఆయన ఏ హోదాలో చెప్పారు?"

హరిబాబు ఆలోచించాడు. ఇంత చిన్న ప్రశ్న ఎవరూ తనను అడగలేదు, తనూ తనను అడగలేదు.

"ఏ హోదా లేదండి."

"మరి మీరెందుకు విన్నారు?"

"కాదనడం నాకు అలవాటు లేదండి."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆవిడ నవ్వలేదు. టైపు చేసే అమ్మాయి వైపు తిరిగి, ఆ మాట అలాగే తీసుకోండి అన్నారు. టకటకమని చప్పుడైంది. హరిబాబుకు విచిత్రంగా తోచింది, తన మాట, ఏ సవరణా లేకుండా, ప్రభుత్వ కాగితం మీద పడటం ఇదే మొదలు. సిగ్గు వేసింది. ఆ సిగ్గు అడుగున, చాలా కాలంగా మూసి ఉన్న గదిలో కిటికీ తెరిచినట్టు ఒక గాలి.

ఆవిడ వెంటనే చెప్పడం మొదలుపెట్టారు, కాగితం చూడకుండా, తెలుగులోనే, అచ్చాయమ్మ వరసకు కూడా వినపడేలా. ఈ అధికారి నిజం చెప్పారని, అది నమోదు చేశానని అన్నారు. ఒక్క క్షణం హరిబాబు ఊపిరి తేలికపడింది. "కానీ మీరు నిజం చెప్పినంత మాత్రాన దిమ్మెలు లేవవు కదండీ," అన్నారావిడ ఆయన్నే చూస్తూ, కోపం లేకుండా. కూల్చింది ప్రభుత్వ అధికారం వాడి కాబట్టి ముప్పై రోజుల్లో పదకొండు దిమ్మెలూ అదే చోట, అదే కొలతల్లో ప్రభుత్వమే కట్టించాలి. కోర్టు పంపే కమిషనరు వచ్చి చూస్తారు. ఉత్తర్వు తెలిసే ధిక్కరించింది హరిబాబు అనే మనిషి కాబట్టి, ఆ దిమ్మెలు లేచేదాకా ఆయన పేరున ఉన్న ఇల్లు జప్తులో ఉంటుంది. ఫోన్ చేసిన వ్యక్తి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని నోటీసు. ఈ ఉత్తర్వు తప్పనిపిస్తే పైన జిల్లా కోర్టు ఉంది, అప్పీలుకు వెళ్ళడం మీ హక్కు అని సురేంద్రకు చెప్పారు, దారి అడిగినవాళ్ళకు దారి చెప్పినట్టు. తన పైనా ఒకరున్నారని, తన మాటనూ సరిదిద్దవచ్చని చెప్పడానికి ఆవిడకు ఏమాత్రం కష్టంగా లేదు. హరిబాబు ఆ ఎత్తు మీద కూర్చున్న మనిషినే చూస్తూ ఉండిపోయాడు. ఇల్లు జప్తు. ఇంట్లో ఏం చెప్పాలి. రేపటికి సస్పెన్షన్ వస్తుంది, ఎల్లుండికి బదిలీ, రాజోలుకో ఇంకెక్కడికో. భయం వేయాలి, వేసింది కూడా. కానీ ఆ భయంలో తనకు అన్యాయం జరిగిందన్న ముక్క ఎంత వెతికినా దొరకలేదు. జరిగింది జరిగినట్టు తూచి, ఎంత తప్పుకు అంత, ఒక గింజ ఎక్కువ కాదు, తక్కువ కాదు. తను నిజం చెప్పాడని బరువు తగ్గించలేదు, పెద్ద ఉద్యోగి అని తగ్గించలేదు, పేదవాళ్ళ ఉసురు పోసుకున్నాడని పెంచనూ లేదు. ఇలాంటిది ఒకటి ఈ ఊళ్ళో, ఈ పెచ్చులూడిన గదిలో, రోజూ పదిన్నర నుంచి అయిదింటిదాకా జరుగుతూ ఉందన్నమాట, తను జీపులో ముందు నుంచి వెళ్ళిపోతున్న ఇన్నేళ్ళూ.

దిగి వస్తుంటే అచ్చాయమ్మ లేచి ఎదురొచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, ముప్పై రోజులంటే వానలొచ్చేస్తాయి, పునాది తడి తగలకముందే వెయ్యాలి, రేపు పొద్దున వస్తే పాత దిమ్మెల కొలతలు చూపిస్తానంది. ఆదివారం నాడు ఆమెను పక్కకు పో అన్నాడు తను, నువ్వు అన్నాడు.

"ఏడింటికి వస్తానండి," అన్నాడు హరిబాబు. "మీరు రేవు దగ్గరే ఉండండి."

ఆమె తల ఊపి మళ్ళీ కూర్చుంది. బయట జీపు ఉంది, డ్రైవరు ఉన్నాడు, జేబులో ఫోన్ ఆన్ చేస్తే ఎన్ని మిస్డ్ కాల్స్ ఉంటాయో. బంట్రోతు తరవాతి నంబరు పిలిచాడు. సంచి పట్టుకున్న ముసలాయన, హరిబాబుకు చోటిచ్చిన ఆయనే, తడబడుతూ లేచాడు. గట్టు మీద కొబ్బరిచెట్టు పక్కింటాయన కొట్టేశాడని కేసు. ఒక్క చెట్టు. ముసలాయనకు గొంతు రావడం లేదు. జడ్జి గారు చేతిలో ఉన్న దిమ్మెల ఫైలు మూసి పక్కన పెట్టారు, కళ్ళజోడు తుడుచుకుని, ఇంతవరకూ ఈ గదిలో ఇంకే కేసూ రానట్టు ఆయన వైపు తిరిగారు. తొందర లేదండి, మంచినీళ్ళు తాగి చెప్పండి అన్నారు. గుమ్మం దాకా వెళ్ళిన హరిబాబు ఆగాడు. వెనక్కి వచ్చాడు. అచ్చాయమ్మ పక్కకు జరిగింది. ఆ చెట్టు ఎవరిదో తేలేదాకా అక్కడే కూర్చుని విన్నాడు.